సోమారు వంతు

దుంగలరేవులో సోమారు వంతు వచ్చిన రాత్రి పడవెక్కిన మనిషి వెనక్కి తిరిగి చూడకూడదు. గెడ వేసేవాడితో మాట్లాడకూడదు. ఒడ్డు చేరాక ఉప్పుకొట్టు గడప మీద గుప్పెడు బియ్యమో, చిటికెడు పొగాకో పెట్టి, తల వంచుకుని, నోరు మూసుకుని ఇంటికి పోవాలి.

మిగతా రాత్రులు మీ ఇష్టం. పాటలు పాడుకోండి, బీడీలు కాల్చుకోండి, అత్తగారి మీద చాడీలు చెప్పుకోండి. సోమారు వంతు నాడు మాత్రం… జాగ్రత్త.

ఎందుకంటే సోమారు పోయి ఆరేళ్లయింది.

ఇది ఆ రేవులో టీ కొట్టు పెట్టుకున్న యేసుపాదం నోట విన్న కథ. కాస్త ఉప్పూ కారం అతను కలిపే ఉంటాడు, టీ అమ్ముకునేవాడికి ఆ మాత్రం తప్పదు. అయితే ఇదంతా ఎవరి నెత్తిమీదికి వచ్చిందో ఆ చక్రధరరావు కూడా ఇంతవరకూ కాదనలేదు. కాబట్టి విందాం.

కుంట పట్నం దాటి, శబరి ఒడ్డు పట్టుకుని ఎగువకు పోతే చింతతోపు వస్తుంది. తోపు వెనక నల్లరాతి మెట్లు. అదే దుంగలరేవు. ఒకప్పుడు అది ఉత్త రేవు కాదు. అడవిలో కొట్టిన టేకు దుంగల్ని తెప్పలుగా కట్టి ఇక్కడి నుంచే గోదావరికి, అటునుంచి రాజమండ్రికి వదిలేవారు. దిగువ నుంచి పెద్ద పడవలు ఉప్పు, ఎండుచేపలు, చీరెలు తెచ్చి దించి, చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయ ఎత్తుకుపోయేవి. పడవలు కట్టేసే ఇనుప కడియాలు మెట్ల రాళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. ఉప్పు బస్తాలు దాచిన కొట్టుకు కప్పు సగం కూలిపోయినా గోడలు మాత్రం మొండిగా నిలబడ్డాయి.

తర్వాత వంతెన వచ్చింది. లారీలొచ్చాయి. రేవు పడుకుంది.

పడుకుందే గాని చావలేదు. వంతెన చుట్టి రావాలంటే ఒక పూట పోతుంది. అందుకని అవతలి ఒడ్డు ఊళ్లవాళ్లు సంతకైనా, ఆసుపత్రికైనా, చుట్టపుచూపుకైనా ఈ రేవుకే వస్తారు. వాళ్లను దాటించేది ఏడిళ్లవాళ్లు. వంతులవారీగా.

ఆ వంతులకు రాతకోతలు లేవు. ఉన్నదల్లా ఒకటే గెడ, పొడుగాటి వెదురు గెడ. దీపాలు పెట్టే వేళకు అది ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారుతుంది. ఎవరి చూరుకు ఆనించి ఉంటే ఆ రాత్రీ, మర్నాటి పగలూ పడవ వాళ్లది. వచ్చిన నాలుగు డబ్బులూ, నాలుగు గింజలూ వాళ్లవే.

ఆరేళ్ల కింద శబరి పొంగిన రోజున సోమారు పడవ తిరగబడింది. పడవ దొరికింది. గెడ దొరికింది… మనిషి దొరకలేదు.

ఆ ఊళ్లో పోయినవాడి పేరున రాయి నిలిపి, ఊరందరికీ అన్నం పెట్టేదాకా వాడు పోయినట్టు లెక్క కాదు. అంతవరకూ వాడి వంతు వాడిదే. సోమారు భార్య జోగే ఇప్పటిదాకా రాయి నిలపలేదు. ఎప్పుడు నిలుపుతావని అడిగితే "చూద్దాంలే" అంటుంది. పిల్లలు లేరు, పెట్టుబడి లేదు, పాపం అనుకుని ఊరు కూడా గట్టిగా అడగలేదు.

అందుకని ఏడో వంతు వచ్చిన సాయంత్రం గెడను తీసుకెళ్లి ఉప్పుకొట్టు గోడకు ఆనించి వస్తారు. సోమారు ఎండాకాలమంతా అక్కడే పడుకునేవాడు మరి. ఆనించినవాడు వెనక్కి చూడకుండా ఇంటికొచ్చి తలుపేసుకుంటాడు.

తెల్లారి చూస్తే… గెడ తడిగా ఉంటుంది.

ఇక చక్రధరరావు సంగతి. బచేలి గనుల్లో సర్వే సెక్షన్లో ఏళ్ల తరబడి కొండలు కొలిచి రిటైరయ్యాడు. ఇంట్లో కూర్చుంటే కాళ్లు పీకుతున్నాయని ఒక కన్సల్టెన్సీలో చేరాడు. దుంగలరేవును మళ్లీ నిద్రలేపాలి, యాత్రికులు రావాలి, అయినా దాని పాత అందం చెడకూడదు అని పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు, ఆ ప్లాను గీసే పని ఇతని చేతిలో పడింది.

మంచి ప్లానే గీశాడు. పాతవంటే అతనికి ప్రాణం. ఒక్క రాయి కదలనివ్వలేదు. కడియాలకు తుప్పు గీకి నూనె రాయాలన్నాడు. ఉప్పుకొట్టుకు పాతకాలపు పెంకే వేయాలన్నాడు. మెట్లకు నీలం రంగు వేస్తే ఫోటోలకు బాగుంటుందన్న ఒక కంట్రాక్టరును కొట్టినంత పని చేశాడు. బొమ్మలో అందంగా ఉంటుందని పడవ మీద ఇద్దరు మనుషుల్ని కూడా నిలబెట్టాడు, ఎర్ర తలపాగాలు చుట్టి. ఆ రేవులో తలపాగా చుట్టే మగాడు ఒక్కడూ లేడు, అది వేరే మాట.

అసలు గొడవ ఆ ఇద్దరి దగ్గరే ఉంది. వాళ్లు ఠేకాదారు జీతగాళ్లు, అంటే రేవును పాడుకునే కంట్రాక్టరు మనుషులు. కొత్త రేవులో రెండు మోటారు పడవలు, ఒకే ఠేకా, ఒక టికెట్టు కిటికీ. ఏడిళ్ల వంతు ప్లానులో ఎక్కడా లేదు. మెట్లుంటాయి, కడియాలుంటాయి, ఉప్పుకొట్టు ఉంటుంది, చింతచెట్లుంటాయి. ఇన్ని తరాలుగా దాటించినవాళ్లు మాత్రం ఒడ్డున నిలబడి చూస్తుంటారు.

ప్లాను ఖాయం చేసే మీటింగుకు ముందురోజు పొద్దున టీ కొట్టు దగ్గర హుంగా అడగనే అడిగాడు. పడవవాళ్లలో అతనే పెద్ద.

"సారూ, రాళ్లన్నీ ఉంటయంటుండ్రు. చానా సంతోషం. మరి మా వంతులేమైతయ్?"

చక్రధరరావు టీ గ్లాసులోకి తొంగి చూశాడు. "అదంతా పాలసీ మ్యాటరయ్యా. పైవాళ్లు చూసుకుంటారు."

"పైవాళ్లంటే ఎవరు సారూ?"

"పైవాళ్లంటే… పైవాళ్లే."

హుంగా తల ఊపి, తాగిన గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఆ తల ఊపడమే చక్రధరరావుకు గుచ్చుకుంది. చెడ్డవాడు కాదు. ఏడిళ్లకు ఏదో ఒకటి చేయాలని అతనికీ ఉంది. కానీ ఠేకా అయితే పని సులువు, సంతకం సులువు. సులువైనదాన్ని వదులుకోవడం ఎంతటివాడికైనా కష్టమే.

"అటొడ్డుకు పోతానంటుండ్రు గదా," అన్నాడు హుంగా లేస్తూ. "పొద్దుండంగనే రాండ్రి. దీపాలేళకు నా వంతు అయిపోతది. గెడ ఉప్పుకొట్టుకు పోతది."

అప్పుడు యేసుపాదం బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి, వెనక్కి చూడకూడదు, మాట్లాడకూడదు, బియ్యం మరిచిపోకూడదు అంటూ మొత్తం చెప్పాడు. చక్రధరరావు పొట్ట ఊగేలా నవ్వాడు.

"నైట్ షిఫ్టుల్లో బచేలి కొండ మీద ఒంటరిగా తిరిగిన వాణ్ణయ్యా నేను. నాకు దెయ్యాల కథలా?"

నిజమే. చక్రధరరావు దెయ్యాలను నమ్మడు. పగటిపూట అస్సలు నమ్మడు.

అవతలి ఒడ్డు నుంచి చూస్తే పొద్దు సరిగ్గా ఉప్పుకొట్టు వెనక దిగుతుంది. ఆ ఫోటో ప్లాను అట్ట మీద వేయాలని అతని ఆశ. మధ్యాహ్నం హుంగా పడవలోనే దాటాడు. ఫోటో కోసం ఎదురుచూస్తూ నీడపట్టున ఒక ఇంట్లో కూర్చున్నాడు. వాళ్లు మర్యాదకు ఏటి చేపల పులుసు పెట్టారు. మర్యాదకే జీలుగ కల్లు పోశారు. అతను మొహమాటానికి తాగాడు. మొహమాటానికి ఇంకోసారి తాగాడు. తర్వాత నులకమంచం కనిపించింది.

ఫోటో సంగతి ఇక అడక్కండి. కళ్లు తెరిచేసరికి చుక్కలు.

ఏటి ఒడ్డుకు వచ్చేసరికి అవతల దుంగలరేవంతా నల్లగా ఉంది. టీ కొట్టు దీపం కూడా లేదు. ఫోన్లో బ్యాటరీ గుటుక్కుమంది. తెల్లారితే మీటింగుకు సుక్మా నుంచి ఆఫీసరు మేడం వస్తుంది, ప్లాను కాగితాలన్నీ తన భుజాన సంచీలో ఉన్నాయి. వంతెన చుట్టి పోదామంటే బండి లేదు.

"ఓ… పడవా…!" అని పిలిచాడు.

నీళ్ల మీద ఆ కేక పోయి పోయి ఎక్కడో ఆగిపోయింది. బదులు లేదు. కప్పలు కూడా ఆ పిలుపు విని నోళ్లు మూసుకున్నాయి.

ఇంకోసారి పిలుద్దామని నోరు తెరిచి… మూసేశాడు. ఎవరి వంతో అప్పుడు గుర్తొచ్చింది.

అవతల రాతి మెట్ల మీద చప్పుడు. టక్… టక్… వెదురు రాయికి తగిలిన చప్పుడు. తర్వాత నీళ్లు కదిలిన చప్పుడు.

పారిపోదామంటే కాళ్లు ఇసుకలో నాటుకుపోయాయి. చీకట్లోంచి ముందు పడవ ముక్కు వచ్చింది. వెనక కొసన ఒక ఆకారం నిలబడి ఉంది. తల మీంచి మోకాళ్ల దాకా గొంగడి. మొహం లేదు… అంటే, కనిపించలేదు. పడవ వచ్చి మెత్తగా ఇసుకకు ఆనింది. ఆకారం కదల్లేదు. రమ్మనలేదు. వద్దనలేదు.

బచేలి కొండ మీద ఒంటరిగా తిరిగిన మనిషి ఆంజనేయుణ్ణి తలుచుకుని ఎక్కాడు. ముందుకు తిరిగి, సంచీని ఒళ్లో పెట్టుకుని, మెడ బిగబట్టి కూర్చున్నాడు. వెనక గెడ నీళ్లలోకి దిగింది, లేచింది. దిగింది… లేచింది. వేసవి కాబట్టి ఏరు లోతు లేదు. అయినా ఆ అవతలి ఒడ్డు ఎంతకీ దగ్గర పడదే!

ఊపిరి వినపడుతుందేమోనని చెవులు రిక్కించాడు. వినపడితే మనిషని ధైర్యం. వినపడలేదు. తన పళ్లు కొట్టుకుంటున్న చప్పుడే అంతా మింగేసింది.

నడి ఏరు వచ్చింది.

అప్పుడు గెడ ఆగింది.

పడవ అలాగే నిలిచిపోయి కొంచెం కొంచెంగా పక్కకు తిరుగుతోంది. నీళ్లు పడవ అడుగును నాకుతున్నాయి. చక్రధరరావు సంచీని గుండెకు హత్తుకున్నాడు.

కుడి చెవి పక్కన… చాలా దగ్గరగా… మగగొంతు. తడిసిన గొంతు.

"సారూ…"

మాట్లాడకూడదు. వెనక్కి చూడకూడదు. చక్రధరరావు కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"సారూ… కొత్త రేవుల మా వంతు ఉంటదా?"

ఇదెక్కడి ఇరకాటం చూడండి. బదులిస్తే కట్టు తప్పినట్టు. ఇవ్వకపోతే నడి ఏట్లో పడవ ఆపినవాడికి కోపం వచ్చినట్టు. పైవాళ్లు చూసుకుంటారని ఇతనికి చెప్పడానికీ లేదు. ఆ మాట పోయినవాడి చెవిన పడితే తననే పైకి పంపిస్తాడేమో!

"జోగే మెతుకు గదే సారూ… ఉంటదా?"

"ఉంటుంది!" అని అరిచాడు చక్రధరరావు. కట్టు సంగతి ఏట్లో కలిసింది. "ఉంటుంది నాయనా, ఉంటుంది! నేను రాయిస్తా! ఏడు వంతులూ రాయిస్తా! ఠేకా లేదు, గీకా లేదు. ఉంటుంది, ఉంటుంది, నా తల్లి మీద ఒట్టు, ఉంటుంది!"

పడవ ఒక్కసారి ఊగింది. గెడ మళ్లీ నీళ్లలో దిగింది… లేచింది.

ఒడ్డు తగిలాక అతను దిగాడనడం కంటే దొర్లాడనడం మేలు. ఉప్పుకొట్టు గడప దగ్గరికి దేకినంత పని చేసి, బియ్యం కోసం సంచీ తడిమాడు. బియ్యం ఎక్కడివి? చేతికి సగం తిన్న బిస్కెట్ల పాకెట్టు, తలనొప్పికి రాసుకునే మందు డబ్బా దొరికాయి. రెండూ గడప మీద పెట్టి దణ్ణం పెట్టి, వెనక్కి చూడకుండా పరుగెత్తాడు. ఆ వయసులో, ఆ పొట్టతో మనిషి అంత జోరుగా పరుగెత్తగలడని యేసుపాదం తలుపు సందులోంచి చూసి ఆశ్చర్యపోయాడట.

ఆ రాత్రి టీ కొట్టు వసారాలో దీపం ఆర్పకుండా పడుకున్నాడు. పడుకున్నాడన్నమాటే గాని, తెల్లార్లూ ప్లాను కాగితాల మీద రబ్బరుతో చెరుపుతూ కూర్చున్నాడు. ముందుగా చెరిపింది ఆ ఎర్ర తలపాగాలనే.

పొద్దున ఉప్పుకొట్టు నీడలో మీటింగ్. సోమారు వంతు నాడు పగలు పడవ కదలదు కాబట్టి ఏడిళ్లవాళ్లూ వచ్చారు. ఆడవాళ్లు ఒక పక్కన కూర్చున్నారు. గోడకు గెడ ఆనించి ఉంది. కింద కొస ఇంకా తడిగానే ఉంది. చక్రధరరావు దానివైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడ్డాడు. గడప మీద బిస్కెట్లు లేవు, మందు డబ్బా లేదు.

సుక్మా నుంచి వచ్చిన ఆఫీసరు పేరు రీనా. వయసు చిన్నది, చూపు చురుకైనది. తెలుగు బాగానే వస్తుంది, తొందరలో మాత్రం హిందీ దొర్లుతుంది. బొమ్మలన్నీ చూసి మెచ్చుకుంది.

"బహుత్ అచ్ఛా, రావుగారూ. ఒక్క రాయి కూడా కదపలేదు. ఇక ఠేకా కాగితం ఇవ్వండి, దస్తఖత్ చేసి పంపిస్తా."

"ఠేకా లేదు మేడమ్."

"నిన్నటి ప్లానులో ఉంది కదా?"

"నిన్న ఉంది."

అందరూ తలలెత్తారు. చక్రధరరావు లేచి నిలబడ్డాడు. నిద్రలేక కళ్లు ఎర్రగా ఉన్నాయి, చొక్కా గుండీలు ఒకటి కింద ఒకటి తప్పాయి. కానీ మాట మాత్రం తడబడలేదు.

"నేనే తప్పు గీశాను మేడమ్. రాళ్లు కాపాడితే రేవును కాపాడినట్టే అనుకున్నా. ఇదిగో ఈ గెడ ఇల్లిల్లూ తిరుగుతున్నంత కాలమే ఇది రేవు. అది ఆగిపోతే ఇక్కడ మిగిలేది మెట్లు, ఫోటోలు దిగేవాళ్లు. మోటారు పడవలు రానివ్వండి, యాత్రికులు రానివ్వండి. నడిపేది మాత్రం ఈ ఏడిళ్లవాళ్లే, వీళ్ల వంతుల లెక్కనే."

ఇంత మంచి మాట తన నోట ఎలా వచ్చిందా అని అతనే ఆశ్చర్యపోయాడు. భయం మనిషికి ఎంత తెలివి తెస్తుందో చూడండి. అయితే అందులో భయం ఒక్కటే లేదు. చెబుతుంటే గుండె తేలికైంది. నిన్న టీ గ్లాసులోకి చూసిన చూపు అప్పటిదాకా అతన్ని కొరుకుతూనే ఉంది మరి.

రీనా మేడం పెన్ను గడ్డానికి ఆనించి ఆలోచించింది. హుంగాను అదీ ఇదీ అడిగింది. మోటారు నేర్చుకుంటారా అంది. నేర్చుకుంటామన్నారు. యాత్రికుల దగ్గర తాగి ఉండరు కదా అంది. వంతు లేనప్పుడే తాగుతామన్నారు. ఆమె నవ్వు ఆపుకుంది.

"ఠీక్ హై. సమితి పెడదాం. పడవలు సమితివి, వంతులు మీవి. పేర్లు చెప్పండి."

ఆరుగురు చెప్పారు. ఏడోదాని దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏడో ఇల్లు?"

"సోమారు," అన్నాడు హుంగా మెల్లగా.

"ఏరీ? పిలవండి."

అందరూ ఏటివైపు చూశారు.

"పోయిండు మేడమ్. ఆరేండ్లయింది."

"పోయినవాడికి వంతేంటి? ఆరే రాస్తా."

"ఏడు!" చక్రధరరావు కేకకు చింతచెట్టు మీద కాకులు లేచాయి. "ఏడు రాయాలి మేడమ్! ఆ ఏడోది లేకపోతే ఈ జన్మలో నేను ఈ ఏరు దాటలేను!"

"రావుగారూ… ఏమైంది మీకు?"

ఇక దాచి లాభం లేదు. "రాత్రి నన్ను దాటించింది అతనే. నడి ఏట్లో పడవ ఆపి అడిగాడు. మాటిచ్చాను."

ఎవరూ నవ్వలేదు. యేసుపాదం గ్లాసులు కడగడం ఆపేశాడు. ఏడిళ్లవాళ్లూ తమ కాలివేళ్లను ఇంతకుముందెప్పుడూ చూడనట్టు చూసుకుంటున్నారు.

రీనా మేడం అటూ ఇటూ చూసి, మెల్లగానే అంది. "మాటిచ్చారు, సరే. నాకు మాత్రం దస్తఖత్‌కు బతికున్న చెయ్యి కావాలి. బతికున్న చెయ్యి ఉందా ఆ ఇంట్లో?"

ఆడవాళ్ల పక్క నుంచి ఒకామె లేచింది. సన్నగా, పొడుగ్గా ఉంది. నడిచి వస్తుంటే గుప్పున తలనొప్పి మందు వాసన వేసింది. భుజాలకు పట్టించినట్టుంది.

"చెయ్యి నాది," అంది జోగే. రెండు అరచేతులూ ముందుకు చాపింది. గెడ ఒరిపిడికి అవి రాయిలా గట్టిపడి ఉన్నాయి. "ఆయన వంతు ఆరేండ్ల సంది నేనే ఏస్తున్న. ఆయన గొంగడి కప్పుకొని."

చక్రధరరావు నోరు తెరుచుకుంది. మూతపడలేదు.

"మాకెరికే," అన్నాడు హుంగా, ఇంకా కాలివేళ్లనే చూస్తూ. "ఆడమనిషి గెడ పట్టొద్దని పాతోళ్ల కట్టు. రాయి నిలిపితే ఆమె వంతు మాకు కలిసిపోతది. ఆమె కూడు ఎట్ల? అందుకే మేం తలుపులేసుకుంటం. దెయ్యం గెడేస్తే కాదనేటోడు ఎవడుంటడు? ఎక్కినోళ్లు వెన్కకు సూడొద్దని మేమే చెప్పినం. గడప మీద బియ్యం పెట్టమని చెప్పింది మా ఇంటిదే."

అంటే ఊరంతా కలిసి ఒక దెయ్యాన్ని ఇన్నేళ్లు పెంచి పోషించిందన్నమాట. రీనా మేడం కళ్లు చెమ్మగిల్లాయి గాని, ఆఫీసరు కాబట్టి కళ్లజోడు తుడుచుకున్నట్టు తుడుచుకుంది.

"మరి ఇప్పుడు? ఆమె పేరున రాస్తే మీకెవరికీ అభ్యంతరం లేదు కదా?"

హుంగా లేచి గోడకు ఆనించిన గెడను తీసుకున్నాడు. పట్టపగలు, అందరి ఎదుట, జోగే చేతిలో పెట్టాడు. "రాయుండ్రి మేడమ్," అన్నాడు.

ఏడో పేరు జోగే అని రాశారు. ఆడవాళ్లలో ఎవరో కిలకిల నవ్వారు, మిగతావాళ్లు అందుకున్నారు. యేసుపాదం అందరికీ ఉచితంగా టీ పోశాడు. అలాంటిది అంతకుముందూ జరగలేదు, ఆ తర్వాతా జరగలేదు.

చక్రధరరావు గుండె ఇప్పుడు కుదుటపడింది. దెయ్యం లేదు, గియ్యం లేదు! తను ముందునుంచీ అనుకుంటున్నదే కదా. టీ గ్లాసు పట్టుకుని జోగే దగ్గరికి వచ్చాడు.

"బాగానే ఆడించావమ్మా నన్ను. వంతు కావాలంటే పగలు వచ్చి అడిగితే ఇవ్వనా? నడి ఏట్లో పడవ ఆపి, మగగొంతు పెట్టి, అంతలా భయపెట్టాలా?"

జోగే గ్లాసు దించింది. "గొంతేంది సారూ?"

"అదే… చెవి దగ్గర అడిగావు కదా."

"నేనేం అడగలే. పడవల నోరు ఇప్పితే ఆడగొంతని తెలుస్తది గదా, ఆరేండ్ల సంది ఒక్క మాట మాట్లాడలే. గెడ ఇసుకల దిగబడ్డది, అందుకే ఆగిన. గుంజుతుంటే మీరే ఉంటది, ఉంటది అని ఒకటే కేకలు. కల్లు ఎక్కువైందేమో అనుకున్న."

ఎండ బాగా ఎక్కింది. అయినా చక్రధరరావు ఏటి పక్క నుంచి రెండడుగులు ఇవతలికి జరిగాడు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఏమన్నడు?" అంది జోగే. ఒక అడుగు ముందుకు వేసింది. "సారూ… ఏమడిగిండు?"

"కొత్త రేవులో మా వంతు ఉంటదా అన్నాడు." చక్రధరరావు కుడి చెవి తడుముకున్నాడు. "జోగే మెతుకు గదే, అన్నాడు."

ఆమె ఏటివైపు తిరిగింది. కళ్ల నిండా నీళ్లు. చూస్తుండగానే ఆ కళ్లలోకి కోపం వచ్చింది, అచ్చం ఇంట్లో మొగుడి మీద వచ్చే కోపం.

"ఆరేండ్లు!" అంది గెడను రాతి మీద ఠకీమని కొట్టి. "ఆరేండ్లు చీకట్ల ఒక్కదాన్నే గెడేస్తుంటే నాతో ఒక్క మాట లేదు. ముక్కూ మొఖం తెలియని సారుతో మాట్లాడిండా! రానీ… మళ్ల మా వంతు రానీ. నడి ఏట్ల పడవాపి అడుగుత ఆయన సంగతి!"